ఎలిజబెత్ టిల్లీ గవర్నర్ కూతురు కాదు: ఒక సవరణ కోరుతూ

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో, అమెరికాకు తొలినాళ్లలో చేరిన కుటుంబాల గురించి వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు శ్రద్ధగా చదివాను. మన పిల్లలు ఇళ్లూ వాకిళ్లూ ఏర్పరచుకున్న ఆ దేశపు పాత కుటుంబాల చరిత్రను తెలుగులో చదివే అవకాశం అరుదు కనుక ముందుగా మీకు నా కృతజ్ఞతలు. అయితే అందులో రెండు వాక్యాలను సవరించాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. 1620లో ఇంగ్లండు నుంచి మేఫ్లవర్ ఓడలో వచ్చి, నేటి మసాచుసెట్స్‌లో ప్లిమత్ అనే వలసను ఏర్పరచిన వారిలో ఒకడైన జాన్ హౌలాండ్ ‘గవర్నర్ కార్వర్ కుమార్తెను పెళ్లాడాడు’ అన్నది మొదటిది. ‘నేడు ఇంటర్నెట్‌లో ఇంటిపేరు కొడితే చాలు, మేఫ్లవర్ దాకా వంశవృక్షం నిమిషాల్లో తయారవుతుంది’ అన్నది రెండవది. మొదటి వాక్యం తప్పనీ, హౌలాండ్ భార్య ఎలిజబెత్ టిల్లీ కార్వర్ కూతురు కాదనీ తేలి నూట అరవై ఏళ్లు దాటింది. రెండవ వాక్యం మొదటి వాక్యం లాంటి తప్పులను ఎన్నటికీ చావనివ్వదు.

ఈ సంగతి చెప్పడానికి నేనెవరినని మీకు సందేహం రావచ్చు. నేను చరిత్రకారుణ్ని కాను. తెనాలిలో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ముందు చెట్టు కింద బల్ల వేసుకుని నలభై ఏళ్లు దస్తావేజు లేఖరిగా బతికినవాణ్ని. మా అమ్మాయి మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉంటుంది. అల్లుడు అమెరికన్. ఆయన తల్లి, అంటే మా వియ్యపురాలు, జాన్ హౌలాండ్ వంశంలో తాను పదమూడో తరానికి చెందినదాన్నని చిన్ననాటి నుంచీ వింటూ పెరిగిన మనిషి. మనవరాలు పుట్టాక, ఆ మాటను బిడ్డకు కాగితం మీద చూపించి అప్పజెప్పాలని ఆవిడకు కోరిక కలిగింది. రెండు చలికాలాలు నేను అక్కడే ఉండటం వల్లా, పాత కాగితం కనిపిస్తే కదలలేని నా అలవాటు వల్లా ఆ పనిలో ఆవిడకు తోడుగా కూర్చున్నాను.

ఆవిడ నా ముందు మొదట పెట్టిన పుస్తకం వాళ్ల ముత్తాత కాలంలో చేత్తో రాసినది. మొదటి పేజీలోనే ‘ప్లిమత్ తొలి గవర్నర్ జాన్ కార్వర్, ఆయన కూతురు ఎలిజబెత్, ఆమె భర్త జాన్ హౌలాండ్’ అని అందమైన అక్షరాలతో ఉంది. అది ఒక్క ఇంట్లో పుట్టిన మాట కాదు. ప్లిమత్ ఊరిలో బరియల్ హిల్ అనే శ్మశానపు గుట్ట మీద పంతొమ్మిదో శతాబ్దంలో వంశీకులు నిలిపిన పాత రాతి మీద కూడా హౌలాండ్ భార్యను కార్వర్ కూతురిగానే చెక్కించారు. రాతి మీద కనిపించిన మాటను ఎవరు మాత్రం కాదనగలరు? కానీ మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. పొలం అమ్మేవాడు ‘ఇది మా తాతగారిది’ అంటే సరిపోదు, ఆ తాతకు ఎవరి దగ్గర నుంచి వచ్చింది, తాత నుంచి తండ్రికి వీలునామా ద్వారా వచ్చిందా భాగపంపకంలో వచ్చిందా, తండ్రి నుంచి ఇతనికి ఎలా సంక్రమించింది అని లింకు దస్తావేజులు ఒక్కొక్కటే అడుగుతాం. మధ్యలో ఒక్క లింకు తెగితే అంతకు ముందున్న మూల దస్తావేజు ఎంత గట్టిదైనా అక్కరకు రాదు. వంశం విషయంలోనూ అదే న్యాయం వర్తిస్తుందని నాకు ఆ బల్ల దగ్గరే అర్థమైంది.

ఇక కార్వర్ సంగతి. ప్లిమత్ వలస నాయకుల్లో ఒకడూ, ఏళ్ల తరబడి దానికి గవర్నరూ అయిన విలియం బ్రాడ్‌ఫర్డ్ ఆ వలస చరిత్రను తన చేత్తో రాసి, చివర్లో మేఫ్లవర్ మీద వచ్చిన వారందరి పేర్లనూ ఇంటింటి లెక్కన జాబితాగా చేర్చాడు. ఓడ దిగిన ముప్పై ఏళ్ల తర్వాత కూర్చుని, ఎవరు బతికున్నారో, ఎవరు మొదటి చలికాలంలోనే పోయారో, ఎవరి పిల్లలు ఎవరిని పెళ్లాడారో, ఎంతమంది సంతానమో ఒక్కొక్కరి పేరు కింద రాశాడు. కరణం లెక్కలంత కుదురుగా ఉండే ఆ జాబితా ఒక్కటి ఉంటే కార్వర్ మాట పుట్టేదే కాదు. కానీ ఆ రాతప్రతి బోస్టన్‌లోని ఓల్డ్ సౌత్ ప్రార్థనామందిరంలో భద్రపరచిన గ్రంథాల మధ్య ఉండగా అమెరికా స్వాతంత్ర్య సంగ్రామం వచ్చింది. బ్రిటిష్ సైనికులు ఆ మందిరాన్ని ఆక్రమించి అందులో గుర్రపు స్వారీ సాధన చేశారు. ఆ రోజుల తర్వాత రాతప్రతి ఎవరికీ కనిపించలేదు. దరిదాపు ఎనభై ఏళ్లకు, 1855లో, అమెరికాలోని చర్చి చరిత్ర గురించి ఒక ఇంగ్లీషు బిషప్ రాసిన గ్రంథంలో ఉదహరించిన కొన్ని వాక్యాలు బ్రాడ్‌ఫర్డ్‌వేనని బోస్టన్ పరిశోధకులు గుర్తుపట్టారు. ఆ వాక్యాలు ఎక్కడివని ఆరా తీస్తే, రాతప్రతి లండన్ బిషప్ నివాసమైన ఫుల్‌హమ్ భవనంలోని గ్రంథాలయంలో ఉన్నట్టు తేలింది. నకలు తెప్పించి 1856లో అచ్చు వేశారు. అసలు ప్రతి 1897లో తిరిగి మసాచుసెట్స్ చేరింది.

అందులో ఏముంది? జాన్ టిల్లీ, అతని భార్య, వారి కూతురు ఎలిజబెత్ ఓడలో వచ్చారని ఒకచోట ఉంది. దంపతులిద్దరూ ఒడ్డుకు చేరిన కొద్దికాలానికే చనిపోయారనీ, వారి కూతురు ఎలిజబెత్ జాన్ హౌలాండ్‌ను పెళ్లాడిందనీ, ఆమెకు సంతానం ఉన్నారనీ మరోచోట ఉంది. కార్వర్ దంపతులకు బతికిన పిల్లలు లేరు. 1621 వసంతంలో కార్వర్ పోయాడు, కొద్ది వారాలకే భార్య కూడా పోయింది. హౌలాండ్ కార్వర్ ఇంట్లో సేవకుడిగా వచ్చినవాడు కాబట్టి, గవర్నర్ ఇంటి మనిషి గవర్నర్ అల్లుడు కావడం తరాల మీద తరాలు మాట మారుతూ జరిగిన పని అయ్యుంటుందని నా ఊహ. అలాంటివి మన ఊళ్లలోనూ చూస్తూనే ఉన్నాం. ఇప్పుడు బరియల్ హిల్ మీద ఉన్న రాతి మీద ఎలిజబెత్ తండ్రి పేరు జాన్ టిల్లీ అనే ఉంది. రాయి మారినా, పాత రాతిని చూసి రాసుకున్న పుస్తకాలు మారలేదు, ఆ పుస్తకాలను ఎక్కించుకున్న ఇంటర్నెట్ వంశవృక్షాలూ మారలేదు. మీ వ్యాసకర్తకు ఆ వాక్యం అలాంటి చోటి నుంచే వచ్చి ఉంటుంది.

బ్రాడ్‌ఫర్డ్ కూడా ఎలిజబెత్ తల్లి పేరు రాయలేదు, ‘అతని భార్య’ అని వదిలేశాడు. ఆ ఖాళీ మరో నూట ఇరవై ఏళ్లు అలాగే ఉండిపోయింది. 1976లో ఒక పరిశోధకుడు ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్‌షైర్‌లో హెన్లో అనే పల్లె చర్చి రిజిస్టర్లలోని నమోదులను వెలుగులోకి తెచ్చాడు. 1596 సెప్టెంబరు 20న జాన్ టిల్లీకీ జోన్ హర్స్ట్‌కూ పెళ్లి, 1607 ఆగస్టు 30న వారి కూతురు ఎలిజబెత్‌కు జ్ఞానస్నానం. జోన్ అప్పటికే ఒకసారి పెళ్లయి భర్తను పోగొట్టుకున్న స్త్రీ. ఈ రెండు నమోదులతో ఎలిజబెత్ ఊరూ, తల్లీ, వయసూ ఒకేసారి తెలిశాయి. ఓడ దిగేనాటికి ఆ పిల్లకు పదమూడేళ్లు. ఆ చలికాలంలోనే తల్లి పోయింది, తండ్రి పోయాడు, అదే ఓడలో వచ్చిన బాబాయీ పిన్నీ పోయారు. నూట ఇద్దరు ప్రయాణికుల్లో సగంమంది వసంతం చూడలేదు.

ఈ వివరాలన్నీ చదివి వినిపించినప్పుడు మా వియ్యపురాలు చాలాసేపు మాట్లాడలేదు. గవర్నర్ మనవరాలినన్న మాట ఆవిడకు చిన్ననాటి నుంచీ ఉన్న గౌరవం. అది పోయిందన్న బాధ మొదట ఉంది. తర్వాత ఆవిడ మా అమ్మాయితో, ‘పదమూడేళ్ల పిల్ల, ఆ మంచులో, సొంతవాళ్లంటూ ఎవరూ లేకుండా’ అని నెమ్మదిగా అంది. ఆ రోజు నుంచి ఆవిడకు గవర్నర్ గుర్తు రాలేదు, ఆ పిల్లే గుర్తుంది. నాకైతే ఈ నిజం ఆ అబద్ధం కన్నా ఎంతో విలువైనదిగా కనిపించింది.

హౌలాండ్ కథ కూడా అంతే. నడిసముద్రంలో తుపానులో అతను పైతట్టుకు వచ్చి, ఓడ ఒక్కసారిగా ఒరగడంతో నీళ్లలో పడిపోయాడు. తెరచాపను ఎత్తే మోకు ఒకటి ఓడ పక్కన నీళ్లలోకి వేలాడుతూ ఉంటే దాన్ని చిక్కించుకుని, ఎన్నో బారల లోతుకు మునిగినా పట్టు వదల్లేదు. ఓడవాళ్లు మోకును పైకి లాగి, కొక్కెంతో అందుకుని ప్రాణాలతో దక్కించారు. ఇది బ్రాడ్‌ఫర్డ్ స్వయంగా రాసిన సంగతి. ఆ మోకు చేజారి ఉంటే పదిమంది పిల్లలు లేరు, ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, ఇద్దరు బుష్‌లు వంటి అధ్యక్షులు పుట్టిన శాఖలు లేవు, మా మనవరాలూ లేదు.

ఆ పదిమంది పిల్లలను నిరూపించే కాగితాల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కట్టిపడేసింది ఒక పశువుల పంపకం. జాన్, ఎలిజబెత్‌ల పెళ్లి తేదీ ఏ రిజిస్టర్లోనూ లేదు. కానీ 1627 మే 22న ప్లిమత్‌లో ఉమ్మడిగా ఉన్న పశువులను జనానికి పంచారు. అందరినీ పన్నెండు వాటాలుగా, వాటాకు పదముగ్గురు చొప్పున విడగొట్టి, మగవాళ్లూ ఆడవాళ్లూ పసిపిల్లలూ అన్న తేడా లేకుండా ప్రతి ఒక్కరి పేరూ రాశారు. నాలుగో వాటా జాన్ హౌలాండ్‌ది. అతని వెనుక భార్య ఎలిజబెత్, చిన్న జాన్, డిజైర్ అనే కూతురు, ఆపైన ఆల్డెన్ కుటుంబం, మరికొందరు. వారి వాటాకు జేకబ్ అనే ఓడలో వచ్చిన నాలుగు పెయ్యల్లో ‘రాగ్‌హార్న్’ అన్న పేరు గలది పడింది. పంచినవాళ్ల దృష్టి అంతా పెయ్య మీదే ఉంది. వంశచరిత్ర రాస్తున్నామన్న ఆలోచన వారికి లేదు. అయినా నాలుగు వందల ఏళ్లకు ఆ పెయ్య పుణ్యమా అని, ఆ తేదీకి ఆ దంపతులకు పెళ్లయి ఇద్దరు పిల్లలున్నారని సాక్ష్యం మిగిలింది. దేనికోసమో రాసుకున్న కాగితం మరిదేనికో సాక్ష్యమైతే దానికి బలం ఎక్కువ. సొంత గొప్ప కోసం రాసినది కాదు కనుక అందులో అబద్ధమాడే అవసరం ఎవరికీ ఉండదు.

ఎలిజబెత్ వీలునామా అలాంటి మరో కాగితం. భర్త 1673 ఫిబ్రవరిలో పోయాక ఆమె స్వాన్సీ అనే ఊళ్లో కూతురు లిడియా దగ్గర ఉండి, 1686 డిసెంబరు 17న వీలునామా రాయించి, మరుసటి ఏడు కన్నుమూసింది. పెద్దకొడుకు జాన్‌కు ఐదు పౌన్లూ ఒక పుస్తకమూ, మరో కొడుకు ఐజాక్‌కు ఇంకొక పుస్తకమూ, లిడియాకు మంచి ఈకల పరుపూ దుప్పట్లూ, మిగిలిన వారికి పక్కదుప్పట్ల జతలూ దిండు గలీబులూ ఇలా పేరు పేరునా పంచింది. ఆడపిల్లలను అత్తింటి పేర్లతో, లిడియా బ్రౌన్, ఎలిజబెత్ డికిన్సన్ అని రాయించింది. ఆ దేశంలో పెళ్లితో ఆడవాళ్ల ఇంటిపేరు మారిపోతుంది కనుక, కూతురి శాఖలో వెతికేవారికి ఇలాంటి ఒక్క పంక్తి దొరికితే ఆ ఏడాది శ్రమ ఫలించినట్టే.

మా వియ్యపురాలి వరుసలో నాలుగుచోట్ల దారి కూతుళ్ల గుండా వెళుతుంది. మొదటి ఐదారు తరాలకు కష్టం లేదు. మేఫ్లవర్ వంశీకుల సంఘం 1897లో ఏర్పడి, ఒక్కొక్క కుటుంబం తొలి తరాలనూ ఆధారాలతో సహా సంపుటాలుగా అచ్చు వేస్తూ వస్తోంది. మసాచుసెట్స్ ఊళ్లు మొదటి నుంచీ పుట్టుక, పెళ్లి, చావు పుస్తకాలు రాసుకున్నాయి. 1849 చివరి వరకు ఉన్న నమోదులు చాలా ఊళ్లకు అచ్చులో దొరుకుతాయి. మా తిప్పలన్నీ తర్వాత మొదలయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చాక వాళ్ల శాఖ మెరుగైన భూముల కోసం న్యూయార్క్ రాష్ట్రపు పడమటి అడవుల్లోకి తరలిపోయింది. ఆ రాష్ట్రంలో 1880ల దాకా జనన మరణాలను రాష్ట్రమంతటా నమోదు చేసే నిలకడైన ఏర్పాటు లేదు. జనాభా లెక్కలున్నాయి కదా అనుకుంటాం. తొలి లెక్క 1790లో జరిగింది, కానీ 1840 దాకా ప్రతి లెక్కలోనూ ఇంటి యజమాని పేరు మాత్రమే రాసి, మిగిలినవారిని వయసుల గళ్లలో అంకెలుగా వేశారు. ఇంట్లోని స్వతంత్రులందరి పేర్లూ 1850లో మొదలయ్యాయి. ఎవరు ఎవరికి ఏమవుతారన్నది 1880 నుంచే రాశారు. 1890 లెక్కల కాగితాలు వాషింగ్టన్‌లో 1921లో జరిగిన అగ్నిప్రమాదంలో పాడై, ఆ తర్వాత దాదాపు పూర్తిగా పోయాయి.

మాకు తెగిన లింకు 1820 ప్రాంతంలోనిది. ఆవిడ పూర్వీకురాలు ఒకరు, తండ్రి ఇంట ఒక గడిలో అంకెగా ఉండి, పదేళ్ల తర్వాత మరొకరి ఇంట మరో గడిలో అంకెగా తేలింది. పేరు లేదు. అదే ఊళ్లో తండ్రి పేరే గల మరో మనిషి కూడా ఉన్నాడు. ఇంటర్నెట్‌లో దొరికిన వంశవృక్షాల్లో పదకొండు ఈ ఇద్దర్నీ ఒకే మనిషిగా కలిపేసి, ఒకే ఏడాది రెండు ఇళ్లలో పిల్లలను పుట్టించాయి. పదకొండూ ఒకేమాట చెబుతున్నాయి కదా అని మా అల్లుడు అన్నాడు. పదకొండూ ఒకదాన్ని చూసి మరొకటి ఎక్కించినవని తేదీలు చూస్తే తెలిసిపోయింది. ఒకే నకలుకు పదకొండు జెరాక్సులు తీస్తే పదకొండు సాక్ష్యాలు కావు.

నేను నా పని నేను చేశాను. తండ్రి చనిపోయాడు, పొలం ఉంది, కనుక ఎక్కడో దస్తావేజు పుట్టి తీరాలి. కౌంటీ కార్యాలయంలో అమ్మినవారి సూచీ ఒకటి, కొన్నవారి సూచీ ఒకటి వేరువేరుగా ఉంటాయి. మన దగ్గర రాసి ఇచ్చినవారు, రాయించుకున్నవారు అన్నట్టే. మూడు రోజులు ఆ సూచీలు తిప్పాక, తండ్రి పొలంలో తమ హక్కులను వారసులంతా అన్నగారికి వదులుకుంటూ రాసిన దస్తావేజు నకలు కనిపించింది. మన భాషలో హక్కు విడుదల దస్తావేజు. అందులో ముగ్గురు ఆడపడుచుల పేర్లు, భర్తల పేర్లతో సహా, వరుసగా ఉన్నాయి. రెండో పేరు మాకు కావలసినది. అడుగున, ఆడవారిని భర్తల ఎదుట కాకుండా విడిగా పిలిచి అడిగామనీ, భయమూ బలవంతమూ లేకుండా ఇష్టపూర్వకంగానే సంతకం చేస్తున్నామని వారు చెప్పారనీ అధికారి రాసిన పంక్తి ఉంది. ఆ రోజుల్లో వివాహిత స్త్రీ దస్తావేజుకు అక్కడ అలా రాయడం చట్టం. నలభై ఏళ్ల నా వృత్తిలో ఎన్ని విడుదల దస్తావేజుల మీద ఎందరు ఆడపడుచులు తల వంచుకుని సంతకాలు పెట్టారో నాకు గుర్తొచ్చింది. ఆ పంక్తి మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

ఈ పనికి దిగే మన తెలుగు కుటుంబాలకు ఉపయోగపడతాయని మరి రెండు సంగతులు చెబుతాను. మొదటిది తేదీలు. 1752 వరకు ఇంగ్లండులోనూ దాని వలసల్లోనూ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందువల్ల జనవరి నుంచి మార్చి దాకా పడే తేదీలకు రెండు సంవత్సరాలు కలిపి వేస్తారు. జాన్ హౌలాండ్ మరణం 1672/3 ఫిబ్రవరి 23 అని ఉంటుంది. అది అచ్చుతప్పు అనుకుని ఒక అంకెను కొట్టేస్తే, తండ్రి పోయాక ఏడాదికి బిడ్డ పుట్టినట్టు లెక్క తేలే ప్రమాదం ఉంది. ఫసలీకి 590 కలిపి ఇంగ్లీషు సంవత్సరం తేల్చడం, నామ సంవత్సరాన్ని అరవై ఏళ్ల చక్రంలో సరైన చుట్టుకు చేర్చడం తెలిసిన మనవాళ్లకు ఇది కష్టం కాదు. రెండవది వరుసలు. పదిహేడో శతాబ్దపు ఆ కాగితాల్లో ‘కజిన్’ అంటే అన్న కొడుకో అక్క కూతురో కావచ్చు. అల్లుడు అని నేడు మనం అర్థం చేసుకునే మాట సవతి కొడుకుకూ వాడారు. ‘జూనియర్’ అంటే కొడుకే కానక్కరలేదు, ఊళ్లో అదే పేరున్న ఇద్దరిలో చిన్నవాడు అయినా కావచ్చు. పెదనాన్న కొడుకును అన్నయ్య అనీ, తాతగారి తమ్ముణ్ని తాతయ్య అనీ పిలిచే మనం ఈ చిక్కును చెప్పకముందే గ్రహించగలం.

డీఎన్‌ఏ పరీక్ష ఉండగా ఈ కాగితాలెందుకని మీ వ్యాసం చదివిన మిత్రులొకరు నన్ను అడిగారు. తల్లీ తండ్రీ ఇద్దరు, వారి తల్లిదండ్రులు నలుగురు, ఇలా లెక్కిస్తూ పోతే పన్నెండు తరాల వెనక్కి 4096 స్థానాలు వస్తాయి. వాటిలో ఒక్కరి నుంచి వచ్చిన ముక్క మన ఒంట్లో మిగలకుండానే పోయి ఉండవచ్చు. వంశం నిజమైనా పరీక్షలో దాని జాడ ఉండకపోవచ్చు. తండ్రి నుంచి కొడుక్కే వచ్చే క్రోమోజోమును బట్టి చేసే పరీక్ష ఎడతెగని మగ వరుసకే పనికివస్తుంది, తల్లి నుంచి వచ్చే భాగాన్ని బట్టి చేసేది ఎడతెగని ఆడ వరుసకే. మా వియ్యపురాలి దారి కొడుకుల గుండా కూతుళ్ల గుండా మెలికలు తిరుగుతుంది కనుక రెండూ వర్తించలేదు. దగ్గరి బంధుత్వాలను తేల్చడంలో ఆ పరీక్ష గొప్ప సాయం. 1620కి చేర్చేది మాత్రం దస్తావేజే.

డబ్బు తీసుకుని వంశాలు అల్లినవారు ఉన్నారన్నది కూడా మీ పాఠకులు తెలుసుకోవాలి. స్వీడన్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడి 1942లో చనిపోయిన గుస్టావ్ అంజూ అనే వ్యక్తి, సంపన్న కుటుంబాలు కోరిన పూర్వీకులను కోరినట్టు పుట్టించి, అసలు కాగితాల మధ్య నకిలీవి చొప్పించి వంశచరిత్రలు తయారుచేసి అమ్మాడు. ఆ పుస్తకాలు గ్రంథాలయాలకెక్కాయి, అక్కడి నుంచి ఇంటర్నెట్‌కూ ఎక్కాయి.

ఇంకొక మాట చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. కాగితం ఉన్నవారి వెతుకులాట ఇంత కష్టమైతే, కాగితమే దక్కనివారి సంగతి ఏమిటి? ప్లిమత్ వలసవాసులు ఇళ్లు కట్టుకున్నది పటక్సెట్ అనే ఊరు ఉన్న చోట. అంతకు కొద్ది ఏళ్ల ముందే వచ్చిపడిన అంటువ్యాధికి ఆ ఊరు ఊరంతా తుడిచిపెట్టుకుపోయింది. అక్కడి మూలవాసులైన ఆ వాంపనోగ్ కుటుంబాల తల్లిదండ్రుల పేర్లు రాసిన హెన్లో రిజిస్టరు ఎక్కడా లేదు. మా మనవరాలి నేస్తం తల్లి ఆఫ్రికన్ అమెరికన్. ఆవిడ వెతుకులాట 1870 జనాభా లెక్కల దగ్గర గోడకు కొట్టుకుని ఆగింది. 1850లోనూ 1860లోనూ బానిసలను వేరే పట్టికలో యజమాని పేరు కింద, వయసు, ఆడా మగా, ఒంటి రంగు వంటి గళ్లలో లెక్క వేశారు తప్ప దాదాపు ఎక్కడా పేర్లు రాయలేదు. ఆవిడ తన ముత్తవ్వ తల్లిని ఇప్పుడు యజమాని కుటుంబం వీలునామాల్లో, ఆస్తి జాబితాల్లో, గుర్రాలకూ గిన్నెలకూ మధ్య వెతుకుతోంది. అమెరికా తొలి పూర్వీకుల గురించి రాసే వ్యాసంలో వీరికి చోటు లేకపోతే అది ఆ దేశపు చరిత్ర కాదు. ఈ విషయంలో మీ పత్రిక మరో వ్యాసం ప్రచురించాలని మనవి.

మీ వంశం సంగతేమిటని మా వియ్యపురాలు నన్నూ అడిగింది. తద్దినం నాడు పేరూ గోత్రమూ చెప్పి పిండం పెట్టే మూడు తరాలు నాకు నోటికి వచ్చు, మా తాతగారి నాటి భాగపంపకం దస్తావేజు వల్ల మరో రెండు తరాలు తెలుసు. ఆ పైన ప్రవర చెప్పే ఋషులే. ఆవిడ ఆ ఐదు తరాలనూ మనవరాలి పుస్తకంలో ఎడమవైపు పేజీల్లో నా చేత తెలుగులోనే రాయించింది. ఆడవాళ్ల పేర్లు అడిగితే ముగ్గురివి చెప్పలేకపోయాను. తెనాలి తిరిగి వచ్చాక ఊళ్లో మిగిలిన పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి రెండు కనుక్కున్నాను. మూడో పేరు కోసం ఇంకా తిరుగుతున్నాను.

ఇక సవరణ గురించి. దస్తావేజులో ఒక మాట తప్పు పడితే దాన్ని గోకేసి చెరిపేయనివ్వం. అడ్డంగా ఒక్క గీత గీసి, కింది మాట చదవగలిగేలా ఉంచి, పైన సరైన మాట రాసి, చివర ‘కొట్టివేత ఒకటి’ అని చూపించి సంతకం చేయిస్తాం. ఆ చేతిరాత పుస్తకం మొదటి పేజీలో మా వియ్యపురాలు కార్వర్ పేరు మీద అలా ఒక్క గీత గీసి, పైన ‘జాన్ టిల్లీ, జోన్ హర్స్ట్, హెన్లో’ అని రాసింది. పేజీ అడుగున నేను చెప్పినట్టే ‘కొట్టివేత ఒకటి’ అని రాసి, తేదీ వేసి సంతకం చేసింది. సాక్షిగా నేనూ చేశాను. మీ పత్రిక కూడా వచ్చే ఆదివారం అదే అనుబంధంలో, అదే పేజీలో ఆ వాక్యాన్ని సవరించి ప్రచురించాలని వినయంగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఒక దస్తావేజు లేఖరి,
తెనాలి.